మీటింగ్ జరుగుతోంది, తలుపు కొట్టవద్దు

ఆ బుధవారం ఉదయం ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు భర్తను ఆఫీసుకు సాగనంపాలి. పదకొండుకల్లా వంట ముగించాలి. పన్నెండున్నరకు అత్తగారికి భోజనం పెట్టి, ఒంటిగంటకు వంటగది గట్టు తుడిచేసి, సరిగ్గా రెండింటికి పడకగది తలుపు మూసుకుని, పియానో టీచరును ఎవరు చంపారో తెలుసుకోవాలి.

నాలుగు వందల పేజీల నవలలో ఇక మిగిలినవి నలభై. పదకొండు రోజులుగా ఆ టీచరు పియానో మీద తల వాల్చి అలాగే పడి ఉంది. తోటమాలిని అనుమానించమని రచయిత పేజీపేజీకీ బతిమాలుతున్నాడు కాబట్టి ఆమె తోటమాలిని మొదటే వదిలేసింది. ఆమె చూపంతా వంటమనిషి మీద ఉంది.

ఇంట్లో పట్టపగలు రెండు గంటలు ఎవరూ కదిలించకుండా నవల చదువుకోవడం అంత తేలికగా వచ్చిన భాగ్యం కాదు. అది మహమ్మారి పెట్టిన భిక్ష. లోకానికి అది చేసిన నష్టం గురించి అందరూ చెప్పారు. ఈ ఇంటికి చేసిన మేలు మాత్రం ఒక చెప్పుల డబ్బా మూత మీద రాసి ఉంది. "మీటింగ్ జరుగుతోంది. తలుపు కొట్టవద్దు."

రాసింది భర్త. బీమా కంపెనీలో క్లెయిముల సెక్షన్ ఆయనది. ఊరంతా తలుపులు వేసుకున్న రోజుల్లో పడకగదినే ఆఫీసు చేసుకుని, ఎర్ర మార్కరుతో ఈ మూత మీద రాసి, తలుపుకు మేకు కొట్టి వేలాడదీశాడు. పద్నాలుగు నెలల తరువాత ఆఫీసు రమ్మంది. ఆయన వెళ్ళాడు, మూత మేకుకే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం ఇల్లాలు తలనొప్పితో తలుపు మూసుకుని పడుకుంది. లేచేసరికి నాలుగైంది. ఒక్కరూ పిలవలేదు! ఆ రెండు గంటల్లో అత్తగారి కళ్ళజోడు తనంతట తానే దొరికింది. గ్యాస్ సిలిండరు తనంతట తానే లోపలికి వచ్చింది. ఇల్లాలు ఆశ్చర్యపోయి, బయటికి వచ్చి, మూత వంక చాలాసేపు చూసింది.

పూర్వం "తలనొప్పి" అంటే నుదుటి మీద చెయ్యి వేసి, "ఏం లేదు, లేచి తిరిగితే పోతుంది" అనేవారు. "నిద్రొస్తోంది" అంటే రక్తపరీక్ష చేయించమనేవారు. "చదువుకుంటున్నా" అంటే నవ్వేవారు. "మీటింగ్" అంటే మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. ఏం మీటింగ్ అని రెండేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆ మాటకు ఉన్న మర్యాద అలాంటిది. ఆ రెండు గంటల్లో ఆమెకు వినిపించేది ఒకే ఒక్క చప్పుడు. వెనక బాల్కనీ వైపు నుంచి, ఉండి ఉండి, కిర్రుమని. పక్క వాటా వాళ్ళ ఉయ్యాల అనుకుని ఆమె పట్టించుకోవడం మానేసింది.

ఆ రోజూ రెండు కొట్టగానే బోర్డు సరిచేసి, ఫోను వంటగదిలోనే వదిలేసి, తలుపు మూసుకుంది.

రెండూ పదికి కాలింగ్ బెల్ మోగింది. వచ్చింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. లిఫ్టు ఆగినా, మొక్క వాడినా సర్క్యులర్ తీసే మనిషి కావడంతో ఆయన్ని అందరూ సర్క్యులర్ గారు అంటారు. ఎదుట కాదు.

"నమస్కారమమ్మా. లిఫ్టు పక్కన కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు ఉండేది చూడండి, మొన్న సామాను లెక్క తీస్తే అది కనబడలేదు, ఎప్పుడు పోయిందో తెలీదు. ఒక్కో ఇల్లూ చూసుకుంటూ వస్తున్నా. ఒకసారి లోపల..."

అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ముప్పై ఆరేళ్ళు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా ఉండి రిటైరైన మనిషి. గుమ్మానికి అడ్డం నిలబడడం ఆమెకు చేతనైనట్టు మరొకరికి చేతకాదు.

"ష్! మా కోడలు మీటింగ్‌లో ఉంది."

సర్క్యులర్ గారి గొంతు వెంటనే సగానికి దిగింది. "అమ్మాయి ఉద్యోగం చేస్తోందా? మాకు తెలీనే తెలీదే!"

"చేస్తోంది. పెద్దది."

"ఎంత పెద్దది?"

"రోజుకి రెండు గంటలే చేస్తుంది. అంత పెద్దది."

సర్క్యులర్ గారు చేతులు కట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి ఇల్లాలి గొంతు వినిపించింది. కథ ముదిరితే పైకి చదవడం ఆమెకు అలవాటు. "శవాన్ని కదిలించింది ఎవరో నాకు తెలుసు. ఈ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి దాస్తున్నారు!"

సర్క్యులర్ గారు చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. "పోలీసా?"

ముప్పై ఆరేళ్ళ సర్వీసులో "నాకు తెలియదు" అన్న మాట అత్తగారి నోట ఒక్కసారీ రాలేదు. ఇప్పుడూ రాలేదు. "నేను చెప్పకూడదు" అంది.

రెండూ ఇరవై రెండుకి అపార్ట్‌మెంట్ గ్రూపులో సర్క్యులర్ వెలువడింది. "మన బ్లాకులో నివసిస్తున్న ఒక ఉన్నతాధికారిణి (పేరు చెప్పకూడదు, రెండో అంతస్తు, ఎడమ వైపు) శానిటైజర్ స్టాండు అదృశ్యంపై విచారణ చేపట్టారు. బ్లాకులో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి దాస్తున్నట్లు వారి వద్ద సమాచారం ఉంది. తమంతట తాము వచ్చి చెప్పుకున్నవారి విషయం సానుభూతితో పరిశీలించబడును."

చివరి వాక్యం ఆయన సొంత కవిత్వం. కానీ పనిచేసింది.

రెండూ నలభైకి ఇల్లాలు ముప్పై ఒక్క పేజీలు ముందుకు వచ్చి, వంటమనిషి నిర్దోషి అని తేలడంతో నోరెండి, మంచినీళ్ళ కోసం తలుపు తీసింది. హాల్లో నాలుగు కుర్చీలు, కుర్చీకీ కుర్చీకీ ఆరడుగుల దూరం. వాటిలో మూడో అంతస్తు పళ్ళ డాక్టరు, కింది వాటా లెక్కల మాస్టారు, పై వాటా టైలరమ్మ, చివర్న సర్క్యులర్ గారు. మధ్యలో అత్తగారు చేతిలో నోట్‌బుక్కు, చెవి మీద పెన్సిలుతో నిలబడి ఉంది. అందరూ లేచి నిలబడ్డారు.

ఇల్లాలు గుమ్మంలోనే ఆగిపోయింది. బోర్డు బండారం బయటపడింది, నిలదీయడానికి బ్లాకంతా కదిలి వచ్చింది అనుకుంది.

"అయితే మొత్తం తెలిసిపోయిందన్నమాట" అంది నీరసంగా.

పళ్ళ డాక్టరు తల దించుకున్నాడు. "మీకు తెలిసిపోయిందని మెసేజ్ చూడగానే అనుకున్నా మేడం."

"ఎప్పట్నుంచి?" తన సంగతి వీళ్ళకు ఎప్పట్నుంచి తెలుసునని ఆమె ఉద్దేశం.

"రెండేళ్ళయింది మేడం. క్లినిక్కులో మాస్కు తియ్యడం లేదు. రోగం భయం కాదు. గడ్డం గీసుకునే పని తప్పింది. పైగా పేషెంటు తన పళ్ళ గురించి గొప్పలు చెబుతుంటే హాయిగా వెక్కిరించుకోవచ్చు. ముప్పై ఏళ్ళు నవ్వు ఆపుకుని చచ్చాను మేడం. ఇప్పుడు బీపీ కూడా తగ్గింది."

ఇల్లాలు నోరు తెరిచింది. తననే అడగబోతోందనుకుని లెక్కల మాస్టారు ముందే అందుకున్నాడు.

"నాది ఆన్‌లైన్ ట్యూషన్ అమ్మా. నాకు రాని లెక్క ఎవరైనా అడిగితే నోరు తెరిచి, చెయ్యి ఇలా గాల్లో పెట్టి కదలకుండా ఉండిపోతా. నెట్ ఆగిందనుకుని వాళ్ళు కట్ చేస్తారు. మళ్ళీ కలిపేలోగా పుస్తకం వెనక జవాబు చూసుకుంటా." చెయ్యి గాల్లో పెట్టి చూపించాడు కూడా. ఎంత బాగా చూపించాడంటే అత్తగారు దగ్గరికి వెళ్ళి భుజం తట్టి చూడవలసి వచ్చింది.

"నాది మరీ చిన్న నేరం అక్కా" అంది టైలరమ్మ. "మా ఆడపడుచు వాళ్ళు నెల్రోజులుండి పోతామని ఫోన్ చేస్తారు. నేను ఫోన్లోకి రెండుసార్లు దగ్గుతా. అంతే. ఒక్క మాట అబద్ధం ఆడను. వాళ్ళే, జాగ్రత్త వదినా, మళ్ళీ ఎప్పుడైనా వస్తాంలే అని పెట్టేస్తారు. ఇదివరకు మేం ఎంత కొట్టుకునేవాళ్ళమో! ఇప్పుడు ఎంత ప్రేమగా ఉన్నామో!"

అత్తగారు అన్నీ రాసుకుంటోంది. నడుమ నడుమ "ఊ, తరువాత?" అంటోంది. ఇల్లాలికి ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. వీళ్ళు నిలదీయడానికి వచ్చినవాళ్ళు కాదు.

"అత్తయ్యా, అసలేమిటిదంతా?"

"నువ్వు మాట్లాడకు. నీ హోదాకి బాగుండదు." అంటూనే అత్తగారు ఫోను తీసి కొడుక్కి కలిపింది. "ఒరేయ్ అబ్బాయ్! నీ పెళ్ళాం పోలీసు శాఖలో ఉందటరా. నాకు మాత్రం చెప్పలేదేంరా? సర్లే, వచ్చేటప్పుడు కుర్చీలు పట్టుకురా. చాలడం లేదు."

అప్పుడు గోడ గడియారంలో రెండూ యాభై. రెండూ యాభై ఎనిమిదికి భర్త గుమ్మంలో ఉన్నాడు. రొప్పుతున్నాడు. కుర్చీలు తేలేదు.

"ఏం ఉద్యోగం? ఎప్పట్నుంచి? రెండేళ్ళుగా ఆ గదిలో ఎవరితో మీటింగులు?" అని గట్టిగా అడిగి, హాల్లో జనాన్ని చూసి, మళ్ళీ మెల్లిగా అడిగాడు.

ఇల్లాలు నిజం చెప్పేసింది. "ఎవరితోనూ కాదండీ. నవల చదువుకుంటున్నా."

పళ్ళ డాక్టరు జేబులోంచి మాస్కు తీసి తొడుక్కున్నాడు. నవ్వుకోవడానికే.

"నవలా? నా బోర్డు పెట్టుకుని నవలా? నేను రోజూ గంటన్నర బస్సులో నలిగి ఆఫీసుకెళ్ళి..." భర్త విసురుగా వెళ్ళి మేకు మీంచి మూత లాగేశాడు. "ఇది నాది. నేను రాసింది. ఇక ఈ ఇంట్లో మీటింగుల్లేవు!"

ఆయన చేతిలో ఊగుతున్న మూతను చూస్తూ ఉంటే ఆమెకు కళ్ళ ముందు మధ్యాహ్నాలన్నీ ఊగాయి. కళ్ళజోడు ఎక్కడుందమ్మా. సిలిండరు వచ్చిందమ్మా. మిగిలిన ఆ తొమ్మిది పేజీలు ఇక ఈ జన్మలో కదలవు. అంతలో ఆమె దృష్టి గడియారం మీద పడింది. నాలుగు వందల పేజీల్లో మూడు వందల తొంభై ఒకటి చదివిన మనిషి ఊరికే పోదు.

"అత్తయ్యా, ఫోన్ ఎప్పుడు చేశారు?"

అత్తగారు నోట్‌బుక్కు చూసి చెప్పింది. "రెండూ యాభై."

"ఆఫీసు ఎంత దూరం అన్నారండీ?"

భర్త మూతతో విసురుకోవడం మొదలుపెట్టాడు.

"గంటన్నర దూరం ఎనిమిది నిమిషాల్లో వచ్చారు. చొక్కా వీపు మీద ఎండుగడ్డి అంటుకుంది. చెంప మీద బ్యాగు జిప్పు అచ్చు పడింది. క్లెయిముల సెక్షన్‌లో గడ్డి మేస్తున్నారా?"

సర్క్యులర్ గారు "భేష్!" అన్నాడు, తనకు తెలియకుండానే.

భర్త కుర్చీ కోసం వెతుక్కుని, ఖాళీ లేక, సోఫా చేతి మీద కూర్చున్నాడు. "బుధవారం, శుక్రవారం ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంటి నుంచే చెయ్యమన్నారు. పని పన్నెండింటికల్లా అయిపోతుంది. వెనక వీధి పార్కులో చేసుకుని, అక్కడే బెంచీ పక్కన కాస్త... కునుకు."

"ఇంటికి రావచ్చుగా?"

"ఇంటికొస్తే అమ్మ బల్బు మార్చమంటుంది. నువ్వు బీరువా జరపమంటావు. అయినా ఒకసారి వచ్చా. ఇదిగో, తలుపుకి నా బోర్డే వేలాడుతోంది. నేను మీటింగ్‌లో ఉన్నాననుకుని వెనక్కెళ్ళిపోయా."

"మీరు లోపలుంటే బయటున్నది ఎవరండీ?"

"అదంతా పార్కుకెళ్ళాక ఆలోచించా. నిన్ను అడుగుదామంటే, ఆ టైములో మీరెందుకు ఇంటికొచ్చారంటావని ఊరుకున్నా."

టైలరమ్మ ఆనందం పట్టలేక రెండుసార్లు దగ్గింది. లెక్కల మాస్టారు అలవాటుగా ఆమెకు దూరం జరిగాడు.

సర్క్యులర్ గారికి మాత్రం మనసు నిలవలేదు. "ఇవన్నీ బాగానే ఉన్నాయి మేడం. మీరు పోలీసు కాకపోయినా పోలీసంత పని చేశారు. మరి నా స్టాండు?"

ఇల్లాలు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కిర్రు. రెండేళ్ళుగా, రోజూ రెండు నుంచి నాలుగు దాకా, పక్క వాటాలో లేని ఉయ్యాల. అత్తగారి మోకాలికి పూటకు యాభైసార్లు కాలు ఆడించమన్న ఫిజియోథెరపిస్టు. తాను "ఆడించారా అత్తయ్యా?" అని అడిగినప్పుడల్లా "నువ్వు మీటింగ్‌లో ఉన్నప్పుడు ఆడించా" అన్న జవాబు. కాలితో తొక్కే స్టాండు. ఆమె కళ్ళు తెరిచి అత్తగారి వైపు చూసింది. హెడ్మిస్ట్రెస్ చెవి మీంచి పెన్సిలు జారి కింద పడింది.

సర్క్యులర్ గారు వెనక బాల్కనీ వైపు రెండడుగులు వేశాడు. "ఒకసారి అలా చేతులు కడుక్కుని..."

"అటు వెళ్ళకండి" అంది ఇల్లాలు. గొంతులో ఎక్కడా లేని అధికారం వచ్చింది. "విచారణ ఇంకా నడుస్తోంది. సాక్ష్యాలు చెదిరిపోతాయి. రేపు రెండింటికి దీని మీదే మళ్ళీ మీటింగ్."

"ఎన్నాళ్ళు పడుతుంది మేడం?"

"చాలా లోతైన కేసు. ఏళ్ళు పట్టొచ్చు."

అంతా తృప్తిగా కుర్చీలు సర్దుకుని వెళ్ళిపోయారు. భర్త లేచి, గడ్డి దులుపుకుని, మూతను తీసుకెళ్ళి మేకుకు తగిలించి, వంకర లేకుండా సరిచేశాడు. "శుక్రవారం నేను హాల్లోనే పడుకుంటా. నాకూ ఒక మూత చూడు" అన్నాడు.

ఇంకా మూడున్నరే అయింది. తొమ్మిది పేజీలకు అరగంట దండిగా చాలు. ఇల్లాలు మంచినీళ్ళు తాగి, పుస్తకం తెరిచి, దిండుకు చేరగిలబడింది. తలుపు మెల్లిగా తెరుచుకుంది. రెండేళ్ళలో మొదటిసారి, బోర్డును దాటుకుని అత్తగారు లోపలికి వచ్చింది. కళ్ళల్లో తడి.

"ఇవాళ నా పరువు కాపాడావే తల్లీ. పది మందిలో పట్టివ్వలేదు. నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను? నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు ఆ పుస్తకం నేను ఎప్పుడో చదివేశా. ఇక కళ్ళు పాడుచేసుకోకు, హాయిగా పడుకో. చంపింది ఆ టీచరు చెల్లెలే."

ఆ రోజు ఆ బ్లాకులో బయటపడిన నేరాలన్నిటిలోకీ క్షమించరానిది అదొక్కటే.