పడిపోనన్న రురి

ఆదివారం పొద్దున కాయో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటల ఆటలో మంత్రం దెబ్బకు పడిపోవాలి, ఏడుస్తూ చంద్రలోకానికి వెళ్లిపోవాలి, పన్నెండున్నరకల్లా ఇంటికి చేరి నూడుల్సు వండుకోవాలి. జపానులోని హమామత్సు ఊళ్లో ఒక పెద్ద దుకాణం మేడమీద జరిగే పిల్లల ప్రదర్శనలో, టీవీ బొమ్మల కథలోని అసూయపరురాలు రురి వేషం ఆరేళ్లుగా ఆమెదే. మంత్రకన్య మియు దగ్గర్నుంచి రాకుమారుణ్ణి లాక్కోబోయి ప్రతి వారమూ ఓడిపోవడం రురి పని. నేటితో రురిని చంద్రలోకానికి పంపేసి ఆ పాత్రనే తీసేస్తున్నారు.

"నీ పాత్ర పిల్లలకి నచ్చట్లేదమ్మా" అన్నాడు మేనేజరు ఒగురా.

"వాళ్లనడిగారా?"

ఆయన గడియారం చూసుకున్నాడు.

మాటలన్నీ ముందే రికార్డు చేసినవి. తలకు బొమ్మ ముసుగులు తొడుక్కున్న నటులు అభినయించాలే తప్ప పిల్లలకు వినబడేలా నోరు విప్పకూడదు.

రురి వేదిక ఎక్కింది. "ఆగు రురీ!" అంది స్పీకరులో మియు గొంతు. మియు మాత్రం రాలేదు. తెర వెనక మెట్టు జారి ఆ వేషం కట్టిన అమ్మాయికి కాలు మడతపడింది. రికార్డు నడిపే మనిషి ఆమెను లేపడానికి పరిగెత్తాడు. రికార్డు దాని మానాన అది నడుస్తూనే ఉంది.

"ఇదిగో నా నక్షత్రదండం!" ధన్‌మని దెబ్బ చప్పుడు.

"పడిపో అక్కా!" సంగీతం చాటున గొణిగాడు రాకుమారుడి వేషంలోని త్సుజి.

"ఎవరు కొట్టారని?"

"రికార్డు కొట్టింది కదా!"

"రికార్డుకి పడేదాన్నా? ఆరేళ్లు పడ్డాను, చాల్లే."

మళ్లీ ధన్. రురి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

వేదిక పక్కన మైకు పట్టుకుని కథ చెప్పే అమ్మాయి కంగారుపడింది. "పిల్లలూ, మియుకి మీ బలం కావాలి! పట్టు వదలకు అని గట్టిగా అరవండి!"

పిల్లలు మియు కోసం వెతికారు. వాళ్లకు కనబడింది దెబ్బ మీద దెబ్బ పడుతున్నా కదలని రురి ఒక్కతే. ముందు వరుసలో ముందుపళ్లు ఊడిన ఒక పాప లేచి, "రురీ, పట్టు వదలకు!" అని అరిచింది. క్షణంలో మేడంతా అదే కేక. కాయోకి కళ్లు నిండాయి. ముసుగు ఉండటం కూడా ఒకందుకు మేలే అనుకుంది.

ఇంతలో స్పీకరులో రాకుమారుడు, "నా ప్రాణం నీదే, నాతో నాట్యం చెయ్" అన్నాడు. త్సుజి దిక్కులు చూశాడు. ఎదురుగా ఉన్నది రురి ఒక్కతే. చేసేదిలేక ఆమె ముందే మోకరిల్లాడు. చప్పట్లు మిన్నంటాయి.

ఆట ముగిశాక రురితో ఫొటో కోసం పిల్లల వరుస మెట్ల దాకా సాగింది. అదయ్యాక ఒగురా చెమటలు తుడుచుకుంటూ తెర వెనక్కి వచ్చాడు.

"చంద్రలోకం రద్దమ్మా. వచ్చే వారానికి రికార్డు మారుస్తాం. రాకుమారుడు నీకే!"

కాయో ముసుగు తీసింది. ఎవరో తడితువ్వాలు అందించారు. చల్లగా, హాయిగా ఉంది.

"నాకు రురి చాలు. పడిపొమ్మన్న మగాడు నాకెందుకు? ఆ మియుకే ఉంచండి."

పక్కనే త్సుజి ఇంకా మోకాళ్ల దుమ్ము దులుపుకుంటున్నాడు.