ముక్కు మీద ముప్పై రెండు జతలు

ఇకమీదట ప్రజలందరూ సొంత దేశపు చూపుతోనే చూడవలసిందని ప్రభుత్వంవారు ఉత్తర్వు జారీ చేశారు. ఏటికి ఆవలి దేశం నుంచి కళ్ళజోళ్ళు తెచ్చుకోవడం జాతికే అవమానమనీ, వాటిని మన చెప్పుల మేస్త్రులే చేయాలనీ అందులో ఉంది. సరిహద్దు గేటుకు తాళం పడింది.

పెద్దవీధి మేస్త్రిది రోజుకు నాలుగు జతలు కుట్టే చెయ్యి. రెండు జతలు ఏరు దాటిస్తే ఒక కళ్ళజోడు వచ్చేది. అంటే పూట పనికి చూపు. సరిగ్గా ఆ వారమే అతని కళ్ళజోడు పగిలింది. అది లేనిదే సూదిలోకి దారం ఎక్కదు. కనక కళ్ళజోడు లేకుండానే కళ్ళజోడు చేయడానికి కూర్చున్నాడు.

ఎనిమిది రోజులు గాజుపెంకులు అరగదీస్తే ఒకటి తేలింది. పెంకులు ఊరికే దొరికాయి గనక ఖర్చేమీ కాలేదని అధికారి రాసుకుని వెళ్ళాడు. మేస్త్రి భార్య మాత్రం వేళ్ళు మడిచి లెక్కేసింది.

"ఈ ఎనిమిది రోజుల్లో ముప్పై రెండు జతలు కుట్టేవారు. ముక్కు మీద ముప్పై రెండు జతల చెప్పులు మోస్తున్నారన్నమాట! పోనీ, కనిపిస్తోందా?"

"కనిపించకేం? నువ్వు ఇద్దరుగా కనిపిస్తున్నావు."

"ఒక్కదానితోనే వేగలేకపోతున్నానంటారుగా. ఇక ఇద్దరితో వేగండి."

అద్దాల నంబర్ల దగ్గర మాత్రం మేస్త్రి తడుముకోలేదు. వచ్చినవాళ్ళ పాదం కాగితం మీద పెట్టించి గీత గీశాడు. ఎనిమిదో నంబరు పాదానికి ఎనిమిదో నంబరు అద్దాలు. పెద్ద పాదాలవాళ్ళు కరెంటు స్తంభాలకు నమస్కారాలు పెడుతూ తిరిగారు. చెప్పులు కుట్టే తీరిక ఏ మేస్త్రికీ లేదు గనక అందరూ వట్టికాళ్ళతోనే తిరిగారు. ఆవలి గట్టున అద్దాలవాళ్ళు చెప్పులు కుడుతున్నారనీ, రెండూ ఎడమకాలివే వస్తున్నాయనీ తెలిసి మనవాళ్ళ కడుపు చల్లబడింది.

ఏడాది తిరిగాక మంత్రిగారు సభ పెట్టి మేస్త్రికి 'జాతినేత్ర' బిరుదిచ్చి, మెడలో పతకం వేశారు.

"సోదరులారా, మసకైతేనేం, అది మన మసక!" చప్పట్లు మోగాయి. "గేటు తెరవమని కొందరు అర్జీ పెట్టారు. ఆవలివాళ్ళు పాత బేరానికే సిద్ధమట. తెరవాలన్నవాళ్ళు చేతులెత్తండి."

మేస్త్రి మనసులో లెక్క వేసుకున్నాడు. తడుముకుంటూ రెండు జతలు కుడితే చాలు, మళ్ళీ సూది కనిపిస్తుంది. భార్య మోచేత్తో పొడిచింది.

"ఎత్తండీ! ఇంకా ఆలోచిస్తారేం?"

లేచిన చెయ్యి పతకం దగ్గర ఆగిపోయింది. గేటు తెరిస్తే జాతినేత్ర మళ్ళీ చెప్పులు కుట్టేవాడే.

"వద్దన్నవాళ్ళు?"

అందరికన్నా ముందు మేస్త్రి చెయ్యి లేచింది. వెనకే సభంతా చేతులెత్తింది. ఏడాదిపాటు కాళ్ళు కాల్చుకుని నడిచినవాళ్ళు, అదంతా దండగేనని ఎలా ఒప్పుకుంటారు? మీరు మాత్రం ఎప్పుడైనా ఒప్పుకున్నారా?