మూడు వారాలు పెద్దయిన తండ్రి

మగవాణ్ణి మగవాడు పెళ్లాడటానికి చట్టం ఒప్పుకోకపోవడం జపాన్ దేశానికి దక్కిన మహాభాగ్యం!

నవ్వకండి. సెతో సముద్రపు ఒడ్డున, కొండవాలుకు అతుక్కున్నట్టుండే ఒక రేవు ఊళ్లో ఈ వ్యాసకర్త పాతికేళ్లుగా కాపురముంటున్నాడు. చట్టం ఒప్పుకోకపోబట్టే మా వీధిలో అరవై ఆరేళ్ల మనిషికి కొత్తగా తండ్రి దొరికాడు. పెళ్లిచట్టం తెచ్చుకుని మురిసిపోతున్న దేశాల్లో ఎక్కడైనా ఈ వింత జరిగిందా?

ఆ అదృష్టవంతుడి పేరు షిగెహారు మియాగావా. తతామీలు కుడతాడు. తతామీ అంటే మా ఇళ్లలో నేలంతా పరిచే మందపాటి గడ్డిచాప. తాతల నాటి దుకాణం. వంగి వంగి కుట్టి వీపుకు గూని వచ్చింది, జుట్టెప్పుడో రాలిపోయింది. దుకాణం మీది గదుల్లో అతనితోపాటు కునిహికో తొకుదా ఉంటాడు. రేవులో పడవ టికెట్లు అమ్మి రిటైరైన మనిషి. తల నిండా నల్లటి జుట్టు, అది రంగు కాదని అడక్కపోయినా చెబుతాడు. ఈ సంగతి మొదలయ్యేనాటికి ఇద్దరూ ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నారు. వీధిలో అందరికీ అంతా తెలుసు. తెలిసినా అడక్కపోవడం మా ఊరి మర్యాద.

ఒకరోజు పొద్దున బియ్యం కడుగుతూ కునిహికో కూలబడ్డాడు. గుండె. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు.

"మీరు ఆయనకేమవుతారండీ?" అని నర్సు అడిగింది.

"కలిసుంటాం."

"అద్దెకుంటారా?"

"కాదమ్మా. ముప్ఫై ఎనిమిదేళ్లుగా..."

"అది కాదండీ. ఆయనకి బంధువులెవరైనా ఉన్నారా అని."

ఒసాకాలో మేనల్లుడొకడున్నాడు. మామయ్య ముఖం చూసి పదిహేనేళ్లయింది. ఫోన్ చేస్తే "ఏ మామయ్య?" అని అడిగి, గుర్తు తెచ్చుకుని, సరే కానివ్వండన్నాడు. ఆ ఒక్కమాటతో ఆపరేషన్ గది తలుపులు తెరుచుకున్నాయి. కునిహికో కట్టుడుపళ్లు చేతిరుమాల్లో చుట్టి పట్టుకుని షిగెహారు సాయంత్రం దాకా వరండాలోనే కూర్చున్నాడు. లోపలేం జరుగుతోందో అతనికెవరూ చెప్పలేదు. చెప్పడానికి అతనెవరు?

కునిహికో బతికాడు. లేచి తిరగ్గలిగిన మొదటి వారంలోనే ఇద్దరూ ఊరి ఆఫీసుకెళ్లారు. కౌంటర్లో హమసాకి అనే అమ్మాయి ఉంది. చాలా మంచిపిల్ల.

"పెళ్లి ఫారం తీసుకోలేనండీ," అని తల దించుకుని, గొంతు తగ్గించింది. "దత్తత ఫారం అయితే తీసుకుంటాను."

"ఎవర్ని దత్తత?"

"మీలో ఒకరు ఇంకొకర్ని. పెద్దవారు తండ్రవుతారు, చిన్నవారు కొడుకవుతారు. ఆస్పత్రీ, ఆస్తీ, సమాధీ అన్నింటికీ పనికొస్తుంది. ఇంతకీ ఎవరు పెద్ద?"

కునిహికో పుట్టింది మార్చి మూడున. షిగెహారు అదే ఏడు మార్చి ఇరవై నాలుగున.

"నేను వీడికి కొడుకునా?" షిగెహారు బోడితల తడుముకున్నాడు. "మా ఇద్దరి ముఖాలూ చూడమ్మా ఒకసారి!"

"ఒక్కరోజు పెద్దయినా చాలండీ."

"విన్నావుగా. ఇక నుంచి నా మాట వినాలి," అన్నాడు కునిహికో.

ఫారం మీద ఇద్దరు సాక్షులు సంతకం బదులు వాడే పేరు ముద్ర వెయ్యాలి. మొదటిది గుడి పూజారి ఎన్‌కై వేశాడు. రెండో సాక్షి ఎవరా అని ఆలోచిస్తుండగా పక్కింటి ఓగతాగారు తతామీ మార్పించుకోవడానికి వచ్చారు. ఓగతాగారు ఊరి సభలో కౌన్సిలర్. పెళ్లంటే ఆడా మగా, వాళ్ల పిల్లలూ, తరతరాల ఆచారం అని ఏ సభలోనైనా ముప్పావుగంట తక్కువ కాకుండా మాట్లాడతారు. దత్తత మాట వినగానే ఆయన కళ్లు చెమర్చాయి.

"ఈ రోజుల్లో ఇంటిపేరు నిలబెట్టాలనుకునేవాళ్లు ఎక్కడున్నారండీ! తండ్రీకొడుకుల బంధం కంటే పవిత్రమైనది ఇంకేముంది!" అంటూ జేబులోంచి ముద్ర తీసి, ఊది, గట్టిగా నొక్కారు.

ఆయనకు తెలియదనుకుంటున్నారా? ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒకే గోడకు అటొకరూ ఇటొకరూ! తెలిసే నొక్కారు. అదే ఆయన పెద్దమనసు.

ఇక మేళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి.

ముందు సమాధి సంగతి. ఇద్దరికీ ఒకే రాయి కావాలని వాళ్లు అంతకు రెండేళ్ల ముందే గుడిలో అడిగి ఉన్నారు. అప్పుడు ఎన్‌కై మెడ గోక్కున్నాడు. "నాకు అభ్యంతరం లేదు. అమిదా బుద్ధుడికి ఉన్నట్టు కూడా నేనెక్కడా చదవలేదు. కానీ గుడి కమిటీ ఉందే!" అన్నాడు. ఒకే రాయి మీద రెండు ఇంటిపేర్లుంటే ధర్మం మంటగలిసిపోతుందని కమిటీ తేల్చింది. దత్తత కాగితం చూపించాక అదే కమిటీ రెండు నిమిషాల్లో ఒప్పుకుని టీ తాగింది. ధర్మం ఎంత సుళువుగా నిలబడిందో చూశారా? పాపం, కొండమీది చర్చిలో పాస్టరుగారూ ఆయన భార్యా ఇలాంటి కాపురం పాపమా కాదా అన్న వాదన తేలక ఆర్నెల్లుగా విడివిడిగా భోంచేస్తున్నారట. వాళ్లకీ ఎవరైనా ఒక ఫారం ఇస్తే బాగుండును.

షిగెహారు ఇంటిపేరు తొకుదాగా మారింది. దుకాణం బోర్డు మీద మాత్రం మియాగావా అనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు "మియాగావాగారు లేరా?" అని అడిగితే "దత్తతకి వెళ్లిపోయారండీ," అని చెప్పి సూదిలో దారం ఎక్కించుకునేవాడు. తండ్రుల దినోత్సవం నాడు వీధి సంఘం కునిహికోకి పసుపు గులాబీ పంపింది. ఊరుమ్మడి స్నానాలశాలలో ముసలివాళ్లు షిగెహారుని "మీ నాన్నగారి గుండె ఎలా ఉంది?" అని ఎంతో మర్యాదగా అడిగేవాళ్లు. "బానే ఉన్నారండీ, ఉప్పు తగ్గించమంటే వినరు," అని అతనూ అంతే మర్యాదగా చెప్పేవాడు. ఆస్పత్రిలో "అబ్బాయిని" అనగానే కుర్చీ వేశారు!

ఇలా హాయిగా ఆరేళ్లు గడిచాయి. అప్పుడు ఎక్కడో ఉత్తరాన ఒక హైకోర్టు, ఇలాంటివాళ్లకు పెళ్లి లేకపోవడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చింది. టీవీలో ఆ వార్త చూసి కునిహికో చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, షిగెహారుని కూడా వెంటబెట్టుకుని హమసాకి కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"పెళ్లిచట్టం వస్తే ఈ దత్తత రద్దు చేసి అది రాయించుకోవచ్చు కదమ్మా?"

ఆ అమ్మాయి పుస్తకం తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది. పై అధికారిని అడగడానికి లోపలికెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చింది.

"దత్తత రద్దు చేసుకోవచ్చండీ. కానీ ఒకసారి తండ్రీకొడుకులైనవాళ్లు, రద్దయ్యాక కూడా ఒకర్నొకరు పెళ్లి చేసుకోకూడదని ఉంది."

"ఎప్పటిదాకా?"

"ఎప్పటికీనండీ. కొత్త చట్టంలో మినహాయింపేమైనా పెడతారేమో నాకు తెలీదు. ఇప్పుడైతే ఇంతే." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆ రోజే చూసి చెప్పాల్సింది. నాదే తప్పు."

"నీ తప్పేముందమ్మా? నువ్వు మాకు తలుపు తీసిపెట్టావు," అన్నాడు షిగెహారు.

ఆ నెల్లోనే ఊరి సభకు ఒక అర్జీ వచ్చింది. పెళ్లిచట్టం తెమ్మని పార్లమెంటుకు మన ఊరు ఉత్తరం రాయాలని దాని సారం. ఓగతాగారు లేచారు. చట్టం దేనికండీ, మా పక్కింటి తండ్రీకొడుకుల్ని చూడండి, అన్ని హక్కులతో ఎంత చక్కగా ఉన్నారో, అన్నారు. అంతటితో ఆగకుండా, కావాలంటే వాళ్ల నోటితోనే వినండని షిగెహారుని సభకు పిలిపించారు.

షిగెహారు చావులకు వేసుకునే నల్ల కోటు వేసుకుని వెళ్లాడు. అతనికి ఉన్నది ఆ ఒక్క కోటే. గ్యాలరీలో కునిహికో, అతని పక్కన ఓగతాగారి భార్య చిజుకోగారు కూర్చున్నారు.

"ఓగతాగారు చెప్పింది నిజమేనండీ," అని మొదలుపెట్టాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. "దత్తతతో మాకు చాలా మేలు జరిగింది. సాక్షి ముద్ర ఆయనే వేశారు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీక ఇన్నాళ్లూ అవస్థపడ్డాను. ఇవాళ దారి దొరికింది. పెళ్లిలో దొరికేవన్నీ దత్తతలోనూ దొరుకుతాయని ఆయనే అంటున్నారు కాబట్టి, వారి పెళ్లి రద్దు చేసుకుని చిజుకోగారిని దత్తత తీసుకోమనండి. సాక్షి ముద్ర నేను వేస్తాను."

గ్యాలరీలోంచి ఓ గొంతు లేచింది.

"ఏమండీ! నేను మీకంటే రెండేళ్లు పెద్ద కదా. తీసుకుంటే మిమ్మల్ని నేనే తీసుకోవాలి!"

అధ్యక్షుడు గంట కొట్టాడు. గ్యాలరీలో వాళ్లు మాట్లాడకూడదన్నాడు. ఆయన గొంతులో నవ్వు దాగలేదు. షిగెహారు మాత్రం నవ్వలేదు.

"మా వాడు పడిపోయిన రోజు నర్సు నన్నొక ప్రశ్న అడిగింది. ఆయనకేమవుతారని. దానికి ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ముద్రలతో సహా ఉంది. కానీ అది అబద్ధమండీ. నిజం రాయడానికి మీ దగ్గర ఫారం లేదు. నేను చెప్పొచ్చేది అంతే." వంగి దండం పెట్టి దిగిపోయాడు.

చర్చ రెండు గంటలు సాగింది. ఈ విషయాన్ని ఇంకా లోతుగా అధ్యయనం చెయ్యాలని సభ నిర్ణయించింది. మా ఊళ్లో ఏ విషయాన్నైనా పాతిపెట్టడానికి అంత లోతు చాలు. ఓగతాగారి ఇంట్లో మాత్రం వారం రోజులపాటు "బాబూ, అన్నానికి రా నాయనా," అన్న పిలుపు గోడ ఇవతలికి వినిపించింది.

సభ ముగిశాక ఇద్దరూ కొండమెట్లెక్కి ఇంటికి బయల్దేరారు. ఎండ ఇంకా తగ్గలేదు. సగం దూరంలో కునిహికో గుండె పట్టుకుని ఆగాడు.

"నొప్పా?"

"కాదు, ఆయాసం. షిగే, ఇన్నేళ్లలో నిన్నెప్పుడూ అడగలేదు కదా."

"ఏంటి?"

"నన్ను పెళ్లి చేసుకుంటావా?"

షిగెహారు రేవు వైపు చూశాడు.

"చేసుకునేవాణ్ణి. కానీ నువ్వు మా నాన్నవి కదా కునీ."

ఇద్దరూ పగలబడి నవ్వారు. మెట్లు దిగుతున్న ఎవరో ఆగి చూసేంత గట్టిగా. ముందు కునిహికో నవ్వు ఆగింది. షిగెహారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అది నవ్వు కాదని తెలిశాక కునిహికో అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చున్నాడు.

ఇదండీ సంగతి. తండ్రీకొడుకులు ఇంత అన్యోన్యంగా ఉన్న దేశంలో పెళ్లిచట్టం ఎందుకు చెప్పండి!