గౌరవం అంటే మళ్లీ రమ్మనడం

ఆఫీసుల్లో పదేపదే తిప్పిస్తున్నారని వాపోయేవాళ్లు అజ్ఞానులు. అది అవమానం కాదు. గౌరవం. అచ్చమైన లాటిన్ గౌరవం!

మా సమోవా రాజధాని ఆపియాలో జనన ధ్రువపత్రాలిచ్చే గుమాస్తా తనువాసాకు ఈ సంగతి మూడు రోజుల శిక్షణలో తెలిసింది. 'రెస్పెక్ట్' అన్న మాటకు లాటిన్ మూలం 'మళ్లీ చూడటం' అని ఎవరో నిపుణుడు తెర మీద బొమ్మలేసి చెప్పాడు. మధ్యాహ్నం భోజనం కూడా పెట్టారు. అంతటి విద్యను ఆచరణలో పెట్టకపోతే తిన్న కోడికూర అరుగుతుందా?

ఆ గౌరవం మొదట దక్కింది ఫువాతినోకు. చాపలల్లుకుని బతికే ముసలావిడ, డెబ్బై దాటాయి. సముద్రం అవతల, అమెరికా ఏలుబడిలోని పాగో పాగోలో అక్క మంచం పట్టింది. వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి, దానికి జనన పత్రం కావాలి. ఆ పత్రంలో మాత్రం, ఎవరి పొరపాటో గానీ, ఫువాతినో పురుషుడు.

"మళ్లీ చూస్తాం. గురువారం రండి," అన్నాడు తనువాసా, తలెత్తకుండా.

గురువారం వెళితే సోమవారం రమ్మన్నాడు. సోమవారం వెళితే శుక్రవారం. రానూ పోనూ నాలుగు గంటల బస్సు. నాలుగోసారి ఆధారం అడిగాడు.

"ఆడవారని రుజువేమిటి పెద్దమ్మా?"

"ఏడుగుర్ని కన్నాను నాయనా. రుజువుల్ని వెంటబెట్టుకు రానా?"

"మళ్లీ చూస్తాం."

ఎంత అదృష్టం! కన్నబిడ్డలైనా ఆవిడను అన్నిసార్లు రమ్మన్నారా?

అక్కకు మాట పడిపోయిందని కబురొచ్చిన రోజు ఫువాతినో ఐదోసారి వెళ్లింది. ఈసారి కౌంటర్ దగ్గర నిలబడలేదు. నేల మీద చాప పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆఫీసు గతుక్కుమంది. పెద్దావిడ కింద కూర్చుంటే ఎత్తున నిలబడే ధైర్యం సమోవాలో ఎవరికుంది? ముందు ప్యూను కూలబడ్డాడు. తర్వాత టైపిస్టు. ఆ పైన వరుసలోని జనమంతా. ఎత్తు స్టూలు మీద తనువాసా ఒక్కడే మిగిలాడు.

"కుర్చీ వేయిస్తాను, లే పెద్దమ్మా. నీకు పుణ్యముంటుంది."

"నాకిక్కడే బాగుంది. నిన్ను పెంచిందెవరు నాయనా?"

అందరూ అతని వంకే చూశారు. తనువాసా దిగి, కౌంటర్ చుట్టూ వచ్చి, ఆవిడ ఎదుట కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"గౌరవాన్ని మన భాషలో ఏమంటారు?" అడిగింది ఫువాతినో.

"ఫాఅలోఅలో."

"అంటే?"

"ఎదురెదురుగా... మొహం చూడటం," అని నసిగాడు.

"అయితే చూడు."

చూశాడు. మూడు నిమిషాల్లో ఫువాతినో ఆడదైంది.

పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే పడవెక్కింది. అక్క మాట్లాడలేకపోయింది గానీ, చెల్లెల్ని గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడా కౌంటర్ ముందు నేలంతా పూలకుండీలే. అందం కోసమట! కింద కూర్చుందామంటే మోకాలు మోపే జాగా లేదు. జనం నిలబడే ఉన్నారు. మొక్కలు మాత్రం ఏపుగా పెరుగుతున్నాయి.