కారు చేసిన శనిదానం

పథకం చాలా చిన్నది. పొద్దున ఎనిమిదింటికి మెకానిక్కు ఏసోబు వస్తాడు, తొమ్మిదిన్నరకల్లా కారుకు మీటరు బిగిస్తాడు. పదకొండింటికి బయలుదేరితే మూడు కాకముందే ఆలంపూర్‌లో ఉంటారు. కొత్తకోట సాలెల వాడలో ఉంటూ, చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన చీరల మూటలను కర్నూలు, గద్వాల దుకాణాలకు చేరవేసే దశరథ ఈ సంగతి భార్యకు పళ్లు తోముకుంటూ ఒకసారి, చాయ తాగుతూ ఒకసారి చెప్పాడు. సావిత్రమ్మ రెండుసార్లూ వినలేదు. కారు గురించి ఆయన చెప్పినవేవీ నాలుగేండ్లుగా నిజం కాలేదు మరి.

ఆమె కోపం అర్థం కావాలంటే కారు ఎక్కడ నిలబడిందో చెప్పాలి. నందికొండ డ్యాము పనులు దొరికి కొత్త జీపు కొనుక్కున్న వనపర్తి కాంట్రాక్టరు ఒకాయన, తన పాత నల్ల కారును దశరథకు అంటగట్టాడు. కొత్తగా వచ్చిన కారు వానలో తడుస్తుందని దశరథ ప్రాణం విలవిలలాడింది. "నాలుగు రోజులే" అంటూ ఇంటి ముందు సాలలో ఉన్న సావిత్రమ్మ మగ్గాన్ని విప్పి గోడకు ఆనించి, కారును లోపలికి తోయించాడు. మగ్గం ముందు కూర్చుని కాళ్లు దించుకునే గుంట సరిగ్గా ఇంజను కిందికి వచ్చింది. మెకానిక్కు అందులో దిగి సుఖంగా పని చేసుకోవచ్చని తేలాక, ఆ నాలుగు రోజులు నాలుగేండ్లయ్యాయి. సావిత్రమ్మ పక్కింటి గుర్వమ్మ మగ్గం మీద వంతులవారీగా నేసుకుంటోంది.

ఆ రోజు ఆలంపూర్‌లో ఆమె తమ్ముడు ధర్మయ్య బిడ్డకు తొట్టెల. పెండ్లయిన మూడేండ్లకు పుట్టిన పిల్ల. దీపాలు పెట్టే వేళకు మేనత్త బిడ్డను తొట్టెలో వేసి చెవిలో పేరు చెప్పాలి. ఆ పిల్లకు ఉన్న మేనత్త ఒక్కతే, సావిత్రమ్మ. పొద్దున ఏడింటి బస్సుకు పోతానని ఆమె మూట కూడా కట్టుకుంటే, దశరథ ఒట్టు పెట్టి మరీ ఆపాడు. ఆ తర్వాత బస్సు మళ్లీ చీకటి పడ్డాకే.

"ధర్మయ్య లగ్గానికి గీ కారుల పోతె, మనం దిగేటాళ్లకు జనం తిని చేతులు కడుక్కుంటున్నరు. తొట్టెలకు గూడ గట్లనే అయిందనుకో, సోమవారం నాడు సాలల కారు ఉండొద్దు, నా మగ్గం ఉండాలె" అంది సావిత్రమ్మ.

"ఈసారి ఆగదు. మీటరు పెట్టిస్తున్న గదా! వేడెక్కుతుంటె ముందుగాల్నే తెలుస్తది, జర ఆపి చల్లార్చుకుంట."

"ఆగదంటివి. మల్ల ఆపుతనంటివి."

కారుకు ఉన్న జబ్బు వేడే. అది ఎప్పుడు మీరుతుందో ఎవరికీ తెలిసేది కాదు, ముందు నుంచి పొగ లేచాకే తెలిసేది. అందుకని హైదరాబాదు పాత ఇనుప సామాన్ల బజారులో వెతికి, ఏదో మిలిటరీ లారీ నుంచి ఊడదీసిన మీటరు ఒకటి పట్టుకొచ్చాడు. ఒక కొసన ఇత్తడి బుడ్డి, ఇంకో కొసన గడియారంలాంటి ముఖం, మధ్యలో సన్నటి రాగి గొట్టం. బుడ్డి ఇంజను అడుగున ఆయిలులో మునిగి ఉంటే, ఆయిలు వేడెక్కిన కొద్దీ ముల్లు పైకి పోతుంది.

ఎనిమిదింటికి రావలసిన ఏసోబు తొమ్మిదిన్నరకు వచ్చి మగ్గం గుంటలో దిగాడు. బుడ్డి బిగించాలంటే ఇంజను కింది నట్టు విప్పాలి, నట్టు విప్పితే ఆయిలంతా కారిపోతుంది. పోయినవారమే పోసిన కొత్త ఆయిలు కదా, పట్టి మళ్లీ పోద్దామనుకున్నారు. దశరథ తల్లి వెంకటనర్సమ్మ నూలుకు రంగులు కలిపే పాత గిన్నె తెచ్చిచ్చింది. ఆయిలు దాని నిండా వచ్చింది. పైన పళ్లెం మూసి అరుగు మీద పెట్టారు.

అంతా అయ్యాక చూస్తే మీటరు నట్టు లావు, ఇంజను రంధ్రం సన్నం.

"ఫికర్ చెయ్యకు దశరథన్నా. సడక్ మీద లేతు మిషను షెడ్డుంది. నడుమ ఒక ముక్క చేయించి తెస్త" అన్నాడు ఏసోబు.

ఒక్కణ్ణే పంపితే చాయ తాగుతూ కూర్చుంటాడని దశరథ కూడా వెంట వెళ్లాడు. ఇద్దరూ చాయ తాగుతూ కూర్చున్నారు. వాళ్లు తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. ముక్క బ్రహ్మాండంగా అతికింది, బుడ్డి బిగిసింది, రాగి గొట్టం ఇంజను పక్కనుంచి పోయి స్టీరింగు ముందుకు చేరింది, మీటరు ముఖం అక్కడ కూర్చుని మెరిసింది. దశరథ దాన్ని తుండుతో రెండుసార్లు తుడిచాడు. ఇక ఆయిలు పోయడమే తరువాయి. అరుగు మీద గిన్నె చింతపండుతో తోమి, బోర్లించి ఉంది.

"అమ్మా, గీ గిన్నెల ఆయిలేది?"

"దానం ఇచ్చిన."

"దానమా?"

"శనివారం గదరా. బుచ్చయ్య వచ్చిండు."

బుచ్చయ్య ప్రతి శనివారం బకెట్టులో ఇనుప శనీశ్వరుణ్ణి నిలబెట్టుకుని వాడవాడా తిరిగి నూనె అడుక్కుంటాడు. శని పట్టినవాళ్లు నూనెలో తమ ముఖం చూసుకుని ఆ నూనె దానం చేస్తే పీడ పోతుందని అందరికీ తెలిసిందే. కారుకు శని పట్టిందని వెంకటనర్సమ్మకు నాలుగేండ్లుగా అనుమానం. దాని కడుపులోంచి తీసిన నూనె గిన్నెడు, బుచ్చయ్య గుమ్మంలో, వారం శనివారం. ఇంతకన్నా మంచి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది? ఆమె గిన్నె ఎత్తి పట్టుకుని కారు రెండు లైట్లకూ దాని ముఖం దానికే చూపించి, అంతా బకెట్టులో కుమ్మరించింది.

"ఇగ దాని పీడ పోయింది బిడ్డా. సల్లగ పోయి రాండ్రి" అంది.

గుంటలో ఉన్న ఏసోబు నవ్వు ఆపుకోలేక తల ఇంజనుకు కొట్టుకున్నాడు.

"నూనె లేకుంటె కారెట్ల పోతదమ్మా?" అన్నాడు దశరథ ఏడుపు గొంతుతో.

"నూనె ఉండంగ ఎంత దూరం పోయింది?"

బుచ్చయ్యను పట్టుకోవడానికి ఇద్దరూ పరుగెత్తారు. రెండు వాడల అవతల అతనే వీళ్లకు ఎదురొచ్చాడు, మండిపడుతూ.

"మీ అవ్వ గిదేం నూనె పోసింది? దీపం ముట్టిస్తె గుడంత పొగ. పూజారి నన్ను మెట్ల మీదికెల్లి దిగగొట్టిండు. పన్నెండు ఇండ్ల నూనె కరాబైంది!"

బకెట్టులో పన్నెండు ఇండ్ల నువ్వుల నూనె, ఆముదం, కారు ఆయిలు ఒక్కటైపోయి, శనీశ్వరుడు నడుం దాకా అందులో మునిగి ఉన్నాడు. ఏసోబు వేలు ముంచి రుద్ది చూశాడు.

"ఇది పోస్తె ఇంజను నడువదన్నా. గారెలు గాల్తయ్."

బుచ్చయ్య ఊరుకోలేదు. న్యాయం కావాలని బకెట్టుతో సహా వెనకే వచ్చాడు. వెంకటనర్సమ్మ దూరం నుంచే చూసింది. "ఇచ్చిన శనిని మల్ల గడపకు దెస్తరా!" అని తలుపు ధడాలున వేసింది. బుచ్చయ్య బయట, శనీశ్వరుడు బయట, వాళ్లతో నడిచి వచ్చిన పాపానికి దశరథ కూడా బయట. బావి దగ్గర రెండు బిందెలు నెత్తిన కుమ్మరించుకుంటే గానీ ఆయన్ని ఇంట్లోకి రానియ్యలేదు. అప్పటికి ఒంటిగంటన్నర.

"పోనీ, కొత్త ఆయిలు కొనుక్కొస్త" అన్నాడు దశరథ తల తుడుచుకుంటూ.

"శనివారం నూనె కొంటవా? ఇంట్లకు దెస్తవా? నేను బతికుండంగనా?"

"నేను కొంట పెద్దమ్మా. మాకు శనివారం పట్టింపు లేదు" అన్నాడు ఏసోబు.

"నువ్వు కొంటె కొను నాయినా. గా నూనె మాత్రం నా గడప దాటొద్దు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. దశరథ అరుగు మీద కూలబడ్డాడు. వాడంతా గుమిగూడి, దానం చేసిన కారును వింతగా చూస్తోంది. కొత్త చీర కట్టుకుని, బిడ్డకు తెచ్చిన గౌన్లూ కుల్లాయిల మూట చంకన పెట్టుకుని పొద్దుటి నుంచీ నిలబడి ఉన్న సావిత్రమ్మ, అప్పుడు నోరు విప్పింది.

"నూనె ఇంట్లకు రావొద్దు, అంతే గదా అత్తా. కారు బయటికి పోవచ్చునా?"

వెంకటనర్సమ్మ చేయి ఊపింది. "పోవచ్చు. దాన్ని ఎవలాపిండ్రు?"

సావిత్రమ్మ మూటను కారులో పడేసి, కొంగు నడుముకు చుట్టి, కారు వెనక చేతులు వేసింది. ఆ కారును ఆమె ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆమెను చూసి గుర్వమ్మ వచ్చింది, గుర్వమ్మను చూసి వాడంతా వచ్చింది. ఈ పీడ తన వాడల నుంచి పోతే చాలని బుచ్చయ్య కూడా బకెట్టు దించి భుజం పట్టాడు. కారు సాల దాటి, బజారు దాటి, సడక్ మీద పెట్రోలు బంకుకు చేరింది. ఆయిలు ఏసోబే కొన్నాడు, ఏసోబే పోశాడు. దశరథ మాత్రం శాస్త్రానికి భంగం రాకుండా చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

బయలుదేరేసరికి మూడయింది. దారి యాభై మైళ్లు. ఆగకుండా పోతే రెండు గంటలు చాలు.

ముల్లు నూరు దాటింది. నూట ఇరవై. దశరథ చంటిపిల్ల నడక చూసే తండ్రిలా మురిసిపోయాడు. "సూడు సూడు, ఎట్ల చెప్తుందో!" నూట యాభై. మురిపెం తగ్గింది. పెబ్బేరు దగ్గర నూట డెబ్బై అయింది. కారును పక్కకు తీసి ఆపాడు. ముందు మూత ఎత్తి, తుండుతో విసిరి, ముల్లు కిందికి దిగేదాకా ఇరవై నిమిషాలు కాపలా కాశాడు. మళ్లీ నాలుగు మైళ్లు పోయేసరికి నూట డెబ్బై. మళ్లీ ఆపాడు. మళ్లీ విసిరాడు. ఇంతకుముందు పొగ లేచాక ఆగే కారు, ఇప్పుడు నిక్షేపంగా నడుస్తూ నడుస్తూ ఆగింది. నాలుగేండ్లలో ఒక్క ప్రయాణంలో ఇన్నిసార్లు అది ఎన్నడూ ఆగలేదు.

ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చేసరికి ఐదుంబావు. ఎండ పచ్చబడింది. సావిత్రమ్మ ఎడమ పక్క సీటులో మూట ఒళ్లో పెట్టుకుని పడమటి పొద్దునే చూస్తోంది. ఆమె తిడితే దశరథకు ఇంత భయం వేసేది కాదు. ముల్లు నూట ఎనభై చూపింది. ఆయన చేయి తాళం చెవి వైపు పోయింది.

"ఎందుకాపుతున్నవ్?"

"నూట ఎనభై!"

"ఎంతకు ఆపాలెనని ఎవలు చెప్పిండ్రు?"

దశరథ మీటరు వైపు చూశాడు. ఎవరూ చెప్పలేదు. బజారులో అమ్మినవాడు చెప్పలేదు, ఏసోబు చెప్పలేదు, మీటరు మీద కూడా అంకెలే తప్ప ఏమీ లేదు.

"ఎక్కువనే గదా..." అన్నాడు.

"దేనికంటె ఎక్కువ? నూనె అన్నంక కాగదా? పద్దెనిమిదేండ్ల సంది పొయ్యి మీద నూనె కాగవెడుతున్న. కాగిన నూనె వేరు, మాడిన నూనె వేరు. మాడితె వాసనొస్తది. నాకు వాసనొస్తలేదు. వస్తె చెప్త. నడుపు!"

మాటతో పాటే మూట విప్పి, తెచ్చిన రెండు కుల్లాయిల్లో ఎర్రదాన్ని తీసి మీటరు ముఖానికి తొడిగి, దారాలు వెనక ముడేసింది. దశరథ ఒక్కసారి ఎత్తి చూద్దామని చేయి చాపాడు. ఆమె ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

తర్వాత ఆ కారు నడిచినట్టు దాని జన్మలో నడవలేదు. ఒక ఎత్తు ఎక్కుతున్నప్పుడు సావిత్రమ్మ ముక్కు ఎగబీల్చి "జర నిమ్మలంగ" అంది. దశరథ నెమ్మదించాడు. పైకెక్కి గాలి తగిలాక "ఇగ పోనియ్" అంది. పోనిచ్చాడు. ఆమె ఎట్లా చెబుతోందో, తను ఎందుకు నమ్ముతున్నాడో ఆయనకు తెలియదు. కానీ నాలుగేండ్లలో మొదటిసారి స్టీరింగు పట్టుకుని భయం లేకుండా కూర్చున్నాడు, దారి పక్క చేలు కూడా కనబడ్డాయి.

ఆలంపూర్‌లో ధర్మయ్య ఇంటి ముందు కారు ఆగేసరికి లోపల వత్తికి అగ్గిపుల్ల గీస్తున్నారు. సావిత్రమ్మ కాళ్లు కడుక్కుని తిన్నగా పోయి, పిల్లను ఎత్తుకుని, తొట్టెలో వేసి, చెవిలో పేరు చెప్పింది. పిల్ల ఏడవలేదు. సావిత్రమ్మే ఏడ్చింది.

అన్నాలయ్యాక ధర్మయ్య ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అక్కా, నువ్వు వారం కింద ఉత్తరం రాయించినవు గద. కారు కొనేటాయనను పిలిపించిన. సూస్కుంటడట."

దశరథ చేతిలో చెంబు జారింది. ఉత్తరం వారం కిందటిది. అంటే మీటరు సంగతి తేలకముందే, ఒట్టు పెట్టకముందే ఆమె కారును అమ్మకానికి పెట్టింది. ఆయన భార్య ముఖంలోకి చూశాడు.

సావిత్రమ్మ కొంగు సర్దుకుంది. "గది అమ్మేది గాదు తమ్మీ."

"మరి మగ్గం?"

"మగ్గం సాలల్నే ఉంటది. కారు బయట ఎండల ఉంటది. మీ బావ గొడుగు పట్టుకుంటడు."

ఆ మాటకు దశరథకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దీపాల పొగ అన్నాడు. సోమవారం పొద్దున ఎవరూ చెప్పకముందే కారును తనే బయటికి తోసి, మగ్గం బిగించి, గుంటలో పడిన నట్లన్నీ ఏరి ఊడ్చాడు. అప్పటినుంచీ ఇంజను వేడి తెలుసుకోవాలంటే ఆయన ఎడమ పక్కకు చూస్తాడు.