ఈ నెల మానినవారు

వంద రోజుల్లో దేశంలో పొగ అనేది వంటింట్లో తప్ప ఇంకెక్కడా కనబడదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ఆ మహాకార్యానికి 'మిషన్' అని పేరు పెట్టి, నర్సుల భుజాల మీద పెట్టారు. ఆయన భుజాలు అప్పటికే మూడు శాఖల్ని మోస్తున్నాయి కాబట్టి తప్పుపట్టడానికేమీ లేదు.

పెద్దాసుపత్రి రెండో అంతస్తులో హెడ్ నర్సుకి ఇందుకోసం మెట్ల పక్క గది ఒకటి ఇచ్చారు. అందులో రెండు స్టూళ్ళు, ఒక నీళ్ళ కూజా. ఆవిడ పద్ధతి చాలా సులువు. సిగరెట్టు మీదికి మనసు లాగగానే మనిషి వచ్చి ఎదురుగా కూర్చోవాలి. గ్లాసుడు నీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ పది నిమిషాలు ఇంటి కబుర్లు చెప్పాలి. ఈలోగా ఆ లాగుడు తగ్గుతుంది. మళ్ళీ లాగితే మళ్ళీ రావాలి.

అలా మొదటి నెలలోనే పదకొండు మంది మానేశారు. అందులో లిఫ్టు నడిపే పెద్దాయన ఒకడు. కాలి రక్తనాళాలు మూసుకుపోతున్నాయి, పొగ మానకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టర్లు అతనికి చెప్పేశారు. రోజుకి ఆరుసార్లు వచ్చి కూర్చునేవాడు. మనవరాలి అల్లరంతా సిస్టర్‌కి కంఠతా వచ్చేసింది. నిజం చెప్పొద్దూ, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మూడో నెలాఖరున మంత్రిగారి కార్యదర్శి లవంగం నములుతూ ఫైలుతో దిగాడు.

"ఏంటి సిస్టర్, రెండు నెలలుగా మీ లెక్క సున్నా?"

"పదకొండు మందీ మానేశారు కదా సార్!"

"అది మొదటి నెల సంగతి. ఫారంలో ఉన్నది ఒకటే గడి, ఈ నెల మానినవారు. ఈ నెల ఎవరు మానారు?"

"మానేసినవాళ్ళు మళ్ళీ ఎలా మానతారు సార్?"

"నేను మానట్లేదూ?" అన్నాడు కార్యదర్శి, ఎంతో వినయంగా. "ప్రతి సోమవారం మానేస్తాను. మంగళవారం మొదలెడతాను. పన్నెండు వారాలు, పన్నెండు సార్లు. మీ ఆసుపత్రంతా కలిపి పదకొండు, నేనొక్కణ్ణే పన్నెండు! మంత్రిగారు మెడల్ ప్రకటించారు కూడా."

సిస్టర్ ఒక స్టూలు అతని ముందుకి జరిపింది. అంతటి కృషి చేసినవాణ్ణి ఎవరు మాత్రం నిలబెడతారు?

"శనివారంలోగా ఒక్కరైనా మానాలి. లేదంటే గది ఖాళీ చెయ్యండి. మిషన్ ఆఫీసుకి గది లేదు," అని చెప్పి అతను దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న లిఫ్టు పెద్దాయన లోపలికొచ్చాడు.

"సిస్టరమ్మా, నేనొకటి ముట్టించి ఆర్పేస్తాను. మళ్ళీ మానినట్టు రాసేసుకోండి. గది మిగుల్తుంది."

"మరి నీ కాలు?"

"ఒక్కదానికేం పోతుందమ్మా!"

సిస్టర్‌కి ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి.

"ముట్టించి చూడు, ఆ కాలు నేనే విరగ్గొడతాను!" అంది.

శనివారం గడిలో సున్నాయే పడింది. సిస్టర్ స్టూళ్ళూ కూజా తెచ్చి లిఫ్టులో పెట్టుకుంది. పదకొండు మందీ అప్పటినుంచి మనసు లాగినప్పుడల్లా లిఫ్టెక్కి, పైకీ కిందికీ తిరుగుతూ కబుర్లు చెప్పసాగారు.

ఆ తర్వాతి వారం మంత్రిగారే స్వయంగా వచ్చి ఆ గదిలో మిషన్ ఆఫీసు ప్రారంభించారు. పట్టుదలకి మారుపేరని పొగుడుతూ కార్యదర్శి ఛాతీకి మెడల్ గుచ్చారు. దగ్గు వల్ల అది రెండుసార్లు జారింది. చప్పట్లు మాత్రం ఆగలేదు.

తిరుగు ప్రయాణంలో మంత్రిగారు లిఫ్టెక్కి, వెంట ఎక్కబోయిన వాళ్ళందర్నీ ఆపేశారు.

"మెట్లు దిగండి. ఆరోగ్యానికి మంచిది."

తలుపు మూసుకుంది. మంత్రిగారి చెయ్యి జేబులోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. లోపల కూర్చునున్న సిస్టర్ ఎదురుగా ఖాళీ స్టూలు కనిపిస్తే దాని మీద కూలబడ్డారు.

"సిస్టర్, పొద్దుట్నుంచి ఇప్పటికే తొమ్మిదయ్యాయి. నిజంగా మానెయ్యాలనుంది," అన్నారు గొంతు తగ్గించి. "కానీ ఎక్కడా రాయకండి."

"ఎందుకండీ?"

"రాస్తే వచ్చే నెల మళ్ళీ మానమంటారు."

సిస్టర్ కూజా వంచి గ్లాసులో నీళ్ళు పోసింది. లిఫ్టు పెద్దాయన రెండంతస్తుల మధ్య మీట లాగి లిఫ్టు ఆపేశాడు. కింద జనం అప్పటికే జిందాబాద్ మొదలెట్టారు.

"పది నిమిషాలేనండీ," అన్నాడు పెద్దాయన. "ఇంటి దగ్గర అందరూ బాగున్నారా?"