కవరు తరం

మీరు ఆ నవల చదవకపోయినా, అందులోని మాట వినే ఉంటారు. కథానాయిక తన తండ్రిది 'కవరు తరం' అంటుంది. రిమోట్‌ను కవరులోంచి తియ్యని మనిషి ఆయన. ఖాళీ కవర్లన్నీ మడిచి ఇంకో కవరులో కుక్కుతాడు. కొన్న వస్తువును వాడకుండా దాచడానికి ఆ పిల్ల 'కవరించడం' అని పేరు పెట్టింది. ఏడాది తిరక్కుండా బస్సులో కండక్టరు కూడా అదే మాట అంటున్నాడు. మా ఆవిడ లైబ్రేరియన్. ఆ నవల పట్టుకెళ్లినవాళ్లు దానికి అట్ట వేసి మరీ తిరిగి ఇస్తున్నారట.

మా పత్రికలో ఆదివారం పేజీ ఒకటి ఖాళీ అయింది. అది దక్కకపోతే రిటైరయ్యేదాకా నేను వాతావరణం రాసుకోవాలి. మా ఎడిటర్ నాకంటే బాగా చిన్నది. ఆమె ఫోన్‌లో ఎవరితోనో 'కవరు తరం' అంటూ నా పేరు చెప్పడం విన్నాను. ఆ సాయంత్రమే, ఆదివారం మీ ఇల్లు చూశాక నిర్ణయిస్తానంది.

శనివారమంతా ఇల్లు ఒలిచాను. సోఫా, మిక్సీ, రిమోట్, దేని తొడుగూ వదల్లేదు. పెళ్లికి వచ్చి ఇంతవరకూ పెట్టె దాటని డిన్నర్ సెట్‌తో సహా అన్నీ బీరువాలోకి తోసి, భుజంతో తలుపు మూశాను.

మా ఆవిడ రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమండీ, పాపం దీనికి చలేస్తుందేమో."

"రేపటిదాకా నువ్వు నోరు మెదపకు."

"సరే. మీరే మెదపండి."

ఎడిటర్ వచ్చింది. సోఫా తడిమింది, వంటింట్లోకి తొంగి చూసింది. బీరువా కిర్రుమంది. నేను లేచి దానికి ఆనుకుని నిలబడ్డాను.

"ఏంటి సర్, ఒక్క కవరూ కనబడదు?"

"మేం అలాంటివాళ్లం కాదండీ."

ఆమె పెన్ను మూసేసింది. "అయితే కష్టం సర్. ఆ పేజీ కవరు తరం వాళ్ల కోసమే. ఆ తరం మనిషే రాయాలి. మీరు సరిపోతారనుకున్నాను."

మా ఆవిడ నన్ను పక్కకు జరిపి బీరువా తెరిచింది. ముందు కవర్లు, వెనక తొడుగులు, ఆఖరున డిన్నర్ సెట్ పెట్టె జారి నా కాలి మీద పడింది.

"అవన్నీ నావే," అన్నాను కాలు పట్టుకుని.

"ఇందాకేగా మేం అలాంటివాళ్లం కాదన్నారు," అంది మా ఆవిడ. ఎడిటర్ వైపు తిరిగింది. "ఇవన్నీ నేను దాచినవేనమ్మా. ఒక్కోదానికీ ఒక్కో కథ ఉంది. కూర్చో, చెబుతాను."

ఎడిటర్ కూర్చుంది. పెన్ను మళ్లీ తెరిచింది.

ఇప్పుడు ఆ పేజీ మా ఆవిడ రాస్తుంది. చేత్తోనే రాస్తుంది. తడవకుండా కవరులో పెట్టి నాకిస్తుంది. నేను ఆఫీసులో కాగితాలు అప్పగించి, కవరు మడిచి జేబులో పెట్టుకుని, వాతావరణం రాయడానికి కూర్చుంటాను.